సర్వేలో 72 శాతం ‘బాగుంది’ అని వచ్చింది, రాత్రి షిఫ్టు ఒప్పుకోవడం లేదు. పనిలో మనసుకు తగిలే దెబ్బను సరిగ్గా కొలిచేదెలా?

ప్రశ్న: గోదాం_ప్రతినిధి

నేను ఒక పార్శిల్ సార్టింగ్ కేంద్రంలో పదకొండేళ్ళుగా బెల్టు దగ్గర పనిచేస్తున్నాను. పోయిన ఏడాది తోటివాళ్ళు నన్ను సేఫ్టీ కమిటీకి ఎన్నుకున్నారు. ఫోర్క్‌లిఫ్టు దారులు, ఎత్తే బరువులు, శబ్దం, వెలుతురు, ఇవన్నీ ఎలా చూడాలో కష్టపడి నేర్చుకున్నాను. టేపు పట్టి కొలుస్తాం, మీటరు పెట్టి చూస్తాం, కాగితం మీద రాస్తాం. ఇప్పుడు నా ముందుకొచ్చింది టేపుకి అందని విషయం.

మూడు నెలల కిందట యాజమాన్యం సైకోసోషల్ రిస్కుల (పని జరిగే తీరువల్ల మనసుకి వచ్చే ముప్పుల) అంచనా అంటూ అందరి ఫోన్లకీ ఒక సర్వే పంపింది. 40 ప్రశ్నలు. లోపలికి వెళ్ళాలంటే ఉద్యోగి నంబరు కొట్టాలి. పైన ‘మీ జవాబులు గోప్యం’ అని రాసి ఉంది. చివర్లో వయసు, ఆడా మగా, ఎన్నేళ్ళ సర్వీసు, ఏ షిఫ్టు అని అడిగారు. మేం మొత్తం 140 మందిమి. ఉదయం 60, సాయంత్రం 48, రాత్రి 32. జవాబిచ్చింది 61 మంది. ఉదయం వాళ్ళు 38, సాయంత్రం 17, రాత్రి 6.

ఆ 61 మందిలో 44 మంది ‘పని వాతావరణం బాగుంది’ అన్నారట. కాబట్టి 72 శాతం, కాబట్టి రిస్కు తక్కువ. కమిటీలో ఈ విషయానికి పట్టింది పది నిమిషాలు. నెలకోసారి ధ్యానం క్లాసు పెడతామని రాసుకుని తరవాతి అంశానికి వెళ్ళిపోయారు.

నాకు గొంతు దిగలేదు. రాత్రి షిఫ్టులో రెండు నెలల్లో ముగ్గురు మానేశారు. ఒకామె లాకర్ గదిలో గంటసేపు ఏడ్చింది. ఏమైందని అడిగితే ‘ఏం లేదన్నా, నిద్ర చాలడం లేదు’ అంది. ఆమె ఆ సర్వే నింపలేదు. ఎందుకని అడిగితే, ‘నంబరు అడిగారుగా’ అంది, అంతే.

యాజమాన్యం చెడ్డదని చెప్పడానికి రాయడం లేదు. వాళ్ళు నిజంగానే కొలిచామనుకుంటున్నారు. తప్పెక్కడుందో చూపించడం నాకు చేతకావడం లేదు. నేను చదివింది పదో తరగతి. వచ్చే సమావేశం లోపల దీన్ని మళ్ళీ సరిగ్గా చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కార్మికుల్ని అడగడం అంటే సర్వే పంపడమేనా?

జవాబు: వార్డు_నర్సు

మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆ నంబరు మాట దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే మా ఆసుపత్రిలో మొదటి సర్వే కూడా అలాగే మునిగిపోయింది. నేను నర్సుని, ఆరేళ్ళుగా సేఫ్టీ ప్రతినిధిని. నాకు తెలిసినంత రాస్తాను, కొంచెం పెద్దదవుతుంది.

మీ చివరి ప్రశ్నకి ముందు చెబుతాను. సర్వే పంపడం అడగడంలో ఒక ముక్క మాత్రమే. ఏం అడగాలి, ఎవరిని ఏ గుంపుగా చూడాలి, వచ్చిన అంకెకి అర్థమేంటి, దాన్నిబట్టి ఏం మార్చాలి, ఈ నాలుగు చోట్లా పనిచేసేవాళ్ళు కూర్చుంటేనే సంప్రదింపు అవుతుంది. మీ దగ్గర ఈ నాలుగూ వేరేవాళ్ళు చేసేసి మీ చేతికి ఫోను ఇచ్చారు.

ఇది నా సొంత అభిప్రాయం అనుకోకండి. పనిలో ఇలాంటి రిస్కుల్ని కొలిచే కోపెన్‌హాగెన్ ప్రశ్నావళి అని ఒకటుంది, స్పెయిన్‌లో దాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నది కార్మిక సంఘానికి చెందిన ఇస్టాస్ అనే సంస్థ. వాళ్ళ పద్ధతిలో కార్మికుల ప్రతినిధులూ యాజమాన్యం మనుషులూ కలిసి ఒక బృందంగా ఏర్పడి, ముందుగా ఒప్పందం రాసుకున్నాకే ప్రశ్నావళి బయటికొస్తుంది. జవాబివ్వడం ఎవరిష్టం వాళ్ళది, పేరు బయటపడకూడదు, ఫలితాన్ని రిస్కు తగ్గించడానికే వాడాలి. 2021లో వచ్చిన ఐఎస్ఓ 45003 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ రిస్కుల విషయంలో కార్మికులతో సంప్రదించమనే చెబుతుంది. సమావేశానికి ఆ రెండు పేర్లు రాసుకెళ్ళండి. మీ చదువు గురించి అడిగేవాళ్ళు ఉండరు.

ఇక మా కథ. మాది 26 మంది పనిచేసే వార్డు. మొదటి సర్వేలో ‘పనిభారం ఎక్కువ’ అని వచ్చింది. సరే, ఎక్కువే, అది మాకు ముందే తెలుసు. దాంతో ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. రెండోసారి నేనూ ఇంకో ఇద్దరూ కలిసి వెడల్పాటి కాగితం తెచ్చి డ్యూటీ గది గోడకి అంటించాం. రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు గంటకో గడి గీశాం. ఒక్కొక్కరికి ఐదేసి చుక్కల స్టిక్కర్లు. ‘ఇక్కడ చేతులు చాలవు’ అనిపించిన చోట ఎరుపు, ‘ఇక్కడ అడగడానికి ఎవరూ ఉండరు’ అనిపించిన చోట నీలం. ఇన్‌ఛార్జి గదిలో లేనప్పుడు అంటించమన్నాం. వారం రోజులు ఉంచాం.

ఎరుపు చుక్కలు సగానికి పైగా ఉదయం 5 నుంచి 6:30 మధ్య గుట్టపడ్డాయి. నీలం చుక్కలు రాత్రి 2 గంటల దగ్గర. ఆ కాగితం ముందు నిలబడితే మాట్లాడమని ఎవరినీ బతిమాలాల్సిన పని రాలేదు. 5:45కి ల్యాబు మనిషి రక్తం నమూనాలు తీసుకెళ్ళడానికి వస్తాడు. సరిగ్గా అప్పుడే చార్టులు పూర్తిచేయాలి, మందులు ఇవ్వాలి, ఫోన్లు మోగుతుంటాయి. 5:45 అన్నది ఎప్పుడో ఎవరో పెట్టిన వేళ. దాన్ని 7కి మార్చమని అడిగాం. ల్యాబు వాళ్ళు మూడు వారాలు చూస్తామన్నారు, తరవాత అలాగే ఉండిపోయింది. నీలం చుక్కలు కొత్తగా చేరిన అమ్మాయిలవి. రెండింటికి సీనియరు విరామానికి వెళ్తే వాళ్ళు ఒక్కరే మిగిలేవాళ్ళు. విరామాలు మార్చి వేశాం.

‘పనిభారం ఎక్కువ’ అన్న అంకె మాకు ఇది చూపించలేకపోయింది. అలాగని అంకె వద్దని అనను. ఆరు నెలల తరవాత మళ్ళీ అడిగి, తగ్గిందా లేదా చూపించడానికి అదే పనికొచ్చింది. అంకె నొప్పి ఎంతుందో చూపిస్తుంది, ఎక్కడ నొప్పో, ఎందుకు నొప్పో మనుషులే చెప్పాలి.

ప్రశ్నల మాట గురించి ఒక హెచ్చరిక. మా వాళ్ళకి ఎవరో అనువదించి ఇచ్చిన కాగితంలో ‘మీ పనిపై మీకు ఎంత నియంత్రణ ఉంది?’ అని ఉంది. మా ఆయా ఒకామె ‘చాలా ఎక్కువ’ అన్నచోట టిక్కు పెట్టింది. నాకు అనుమానం వచ్చి పక్కన కూర్చుని అడిగాను. ‘సిస్టరు కళ్ళు ఎప్పుడూ మా మీదే ఉంటాయమ్మా, కదలనివ్వరు, అందుకే ఎక్కువ అని పెట్టాను’ అంది. ప్రశ్న అడిగినదానికి పూర్తిగా ఎదురు అర్థం! ఆమె జవాబు లెక్కలో మంచి మార్కుగా పడేది. ‘మీ పాత్ర స్పష్టంగా ఉందా?’ అన్నదీ అంతే, సగం మందికి ఏ పాత్రో తెలియలేదు. అప్పటినుంచి ఏ ప్రశ్నావళి అయినా ముందు ఐదారుగురికి పైకి చదివి వినిపించి, ‘ఇది మిమ్మల్ని ఏమడుగుతోంది, మీ మాటల్లో చెప్పండి’ అంటాం. ‘నియంత్రణ’ని ‘ఏ పని ముందు, ఏ పని తరవాత అన్నది మీరే నిర్ణయించుకోగలరా?’ అని మార్చాం.

ఇంకొక్కటి, ఇది మాత్రం దయచేసి మరిచిపోవద్దు. గోడ మీద కాగితం పనివేళల గురించి అడగడానికి సరిపోతుంది. వేధింపు, అవమానం, చెయ్యి వెయ్యడం లాంటివి నలుగురి ముందు అడగకూడదు. వాటికి విడిగా, రహస్యంగా చెప్పుకునే దారి ముందే తెరిచి ఉండాలి. 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 190వ ఒడంబడిక వేధింపునూ దాంతో వచ్చే సైకోసోషల్ రిస్కులనూ భద్రత లెక్కలోకే తెచ్చింది. అలాగే మీరు అడగడం మొదలుపెట్టాక ఎవరైనా ‘బతకాలని లేదు’ అంటే ఆ క్షణంలో ఎవరికి ఫోను చెయ్యాలో రాసుకున్న కాగితం మీ జేబులో ఉండాలి. మాకు ఒకసారి ఆ అవసరం పడింది.

జవాబు: అంకెల_పని

నేను సర్వేల లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. నర్సుగారు చెప్పినదానికి అంకెల వైపు నుంచి కొంత చేరుస్తాను.

మీ 72ని తీసుకుందాం. బాగుందన్నవాళ్ళు 44 మంది. 140లో అది మూడోవంతు కూడా కాదు. జవాబే ఇవ్వని 79 మంది ఏమనుకుంటున్నారో ఆ సర్వేకి తెలియదు. షిఫ్టుల వారీగా చూస్తే ఇంకా కళ్ళు తెరుచుకుంటాయి. ఉదయం 60లో 38, అంటే 63 శాతం జవాబిచ్చారు. రాత్రి 32లో 6, అంటే 19 శాతం. ఆ 72 శాతంలో వినబడేది చాలావరకు ఉదయం షిఫ్టు గొంతే. సమావేశంలో వాదించకండి, 140, 61, రాత్రి 32, రాత్రి 6, ఈ నాలుగు అంకెలు బోర్డు మీద రాయండి చాలు.

గోప్యత గురించి. వయసు, ఆడా మగా, సర్వీసు, షిఫ్టు నాలుగూ కలిపి అడిగితే 140 మందిలో చాలామందిని పేరు లేకుండానే గుర్తుపట్టొచ్చు. ‘రాత్రి షిఫ్టు, ఆడవాళ్ళు, 45 దాటినవాళ్ళు’ అంటే మీకే ఒక ముఖం కళ్ళ ముందుకొస్తుంది కదా. జపాన్‌లో 2015 డిసెంబరు నుంచి 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న చోట్ల ఏటా స్ట్రెస్ చెక్ అనే ఒత్తిడి పరీక్ష చేయడం చట్టం. అక్కడ ఒక మనిషి ఫలితాన్ని అతని ఒప్పుదల లేకుండా యాజమాన్యానికి ఇవ్వకూడదు. గుంపుగా చూసేటప్పుడు కూడా పదిమంది కంటే తక్కువ ఉంటే మామూలుగా ఫలితం ఇవ్వరు. మీరూ పదిని గీతగా పెట్టుకోండి.

చాలామంది జారిపడే చోటు ఒకటుంది. రాత్రి 6 మందే కాబట్టి దాచేశాం అంటారు, కానీ మొత్తం ఫలితమూ, ఉదయం ఫలితమూ, సాయంత్రం ఫలితమూ ఇస్తారు. మొత్తంలోంచి ఆ రెండూ తీసేస్తే దాచింది బయటపడుతుంది. దాచితే రెండు గుంపుల్ని దాచాలి, లేదంటే రెంటినీ కలిపి చూపాలి.

సగటును నమ్మకండి. పదిమందిలో ఐదుగురు ‘ఎప్పుడూ’ అని, ఐదుగురు ‘ఎన్నడూ లేదు’ అని అంటే సగటు ‘అప్పుడప్పుడు’ దగ్గర నిలబడుతుంది, ఆ మాట ఒక్కరూ అనకపోయినా. ఒక్కో జవాబుకి ఎంతమందో విడిగా చూపించమనండి.

ప్రశ్నావళిని సొంతంగా తయారుచేసుకోవాల్సిన పని లేదు. బ్రిటన్‌లో హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ వాళ్ళ 35 ప్రశ్నల పట్టీ ఉంది. పని బరువు, పని మీద పట్టు, అండ, సంబంధాలు, మననుంచి ఏం ఆశిస్తున్నారో తెలియడం, మార్పులు చెప్పే తీరు, ఈ ఆరింటినీ చూస్తుంది. ఈ ఆరూ పని గురించే, మనిషి గట్టివాడా మెత్తనివాడా అన్నది అందులో రాదు. మీ సర్వేలో ‘నేను ఒత్తిడిని తట్టుకోగలను’ లాంటి ప్రశ్నలుంటే తీసేయమనండి. శబ్దాన్ని కొలవమంటే చెవుల్ని పరీక్షించినట్టు ఉంటుంది అది. అయితే నర్సుగారిలా మాట మారిస్తే ఒక నష్టముంది, వేరే చోట్ల వచ్చిన అంకెలతో పోల్చుకోవడం కుదరదు. నేనైతే ఆ నష్టానికి ఒప్పుకుంటాను. అర్థంకాని ప్రశ్నకి వచ్చిన జవాబుతో దేన్ని పోల్చి ఏం లాభం? మీ అంకెని మీ పాత అంకెతో పోల్చుకోండి, ఒకసారి మార్చిన మాటని మాత్రం మళ్ళీ ముట్టుకోకండి.

‘ఇదంతా మనోభావాల గొడవ’ అని ఎవరైనా అంటే వైట్‌హాల్ పరిశీలన సంగతి చెప్పండి. 1985లో మొదలై బ్రిటన్‌లో పదివేలకు పైగా ప్రభుత్వోద్యోగుల్ని ఏళ్ళ తరబడి గమనించారు. తమ పని మీద తమకు పట్టు తక్కువున్నవాళ్ళలో గుండెజబ్బు ఎక్కువ కనబడింది.

జవాబు: టీమ్_లీడర్

నా మాట ఇక్కడ ఎవరికి నచ్చుతుందో తెలియదు, అయినా రాయాలనిపించింది. నేను కాల్ సెంటర్లో 14 మందికి టీమ్ లీడర్‌ని. మా దగ్గర రెండేళ్ళ కిందట ఇలాంటి సర్వే జరిగింది. మా టీముకి అన్నిటికన్నా తక్కువ వచ్చింది. పెద్ద సమావేశంలో తెర మీద టీముల వరస చూపించారు, అట్టడుగున నా పేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి ఏడాది సర్వేకి ముందు నా టీముని పిలిచి ‘ఈసారి కాస్త చూసుకోండి’ అన్నాను. అంతకన్నా ఒక్కమాట ఎక్కువ అనలేదు. మార్కులు పెరిగాయి. పని అలాగే ఉంది. ఒకబ్బాయి మానేసి వెళ్తూ, ‘మీరు ఆ మాట అన్నాక మీకేం చెప్పుకోలేకపోయాను సార్’ అన్నాడు. అది నేను చేసిన తప్పు.

కాల్‌కి ఇన్ని నిమిషాలన్న లెక్క నేను పెట్టింది కాదు. పైనుంచి వస్తుంది, కిందికి తోస్తాను. నన్ను ఎవరూ అడగలేదు. గోదాంగారూ, మీ సూపర్‌వైజర్లతో కూడా విడిగా ఒక గంట కూర్చోండి. వాళ్ళనీ కార్మికుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టకండి, ఇద్దరూ మాట్లాడరు. ఫలితాన్ని సూపర్‌వైజర్ పేరుతో బయటపెట్టకూడదని ఒప్పందంలో రాయించండి. పేరు పెడితే నాలాంటివాళ్ళు మార్కుల్ని కాపాడుకుంటారు, మనుషుల్ని కాదు.

జవాబు: గోదాం_ప్రతినిధి

ఆరు వారాలైంది. మీ ముగ్గురికీ చెప్పాల్సిన బాకీ ఉంది.

సమావేశంలో బోర్డు మీద ఆ నాలుగు అంకెలే రాశాను. 140, 61, రాత్రి 32, రాత్రి 6. రాసి కూర్చున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత మా మేనేజరు ‘ఆరేనా?’ అని అడిగారు. ఆయనకి ఆ విడదీసిన లెక్క ఎవరూ చూపించలేదట. తెలిస్తే మొదట్లోనే అడిగేవారేమో, ఆ న్యాయం ఆయనకి చెయ్యాలి.

అరపేజీ ఒప్పందం రాసుకున్నాం. ఉద్యోగి నంబరు వద్దు. షిఫ్టు ఒక్కటే అడగాలి. పదికి తక్కువ గుంపు ఫలితం ఇవ్వకూడదు. సూపర్‌వైజర్ పేరు ఎక్కడా రాకూడదు. కూర్చునే సమయానికి జీతం ఉండాలి. ఈ చివరిదాని దగ్గరే ఎక్కువ చర్చ నడిచింది. షిఫ్టు అయ్యాక అరగంట ఉంచుతామన్నారు. రాత్రంతా పనిచేసినవాడికి అప్పుడు ఇల్లు తప్ప ఇంకేం కనబడదు, షిఫ్టు మొదట్లో ఇవ్వండని పట్టుబట్టాను. ఒప్పుకున్నారు. సాయం అందే ఫోను నంబర్లు, వేధింపు చెప్పుకునే దారి రాసిన కాగితాన్ని మొదటి రోజే అందరి చేతికీ ఇచ్చాం.

నర్సుగారు చెప్పినట్టు ప్రశ్నల్ని ముందు ఐదుగురికి చదివి వినిపించాను. ‘నియంత్రణ’ దగ్గర నలుగురు తలకిందులుగా చెప్పారు. నేను మొదటి సర్వేలో ఏం పెట్టానో ఆలోచిస్తే, నేను కూడా అలాగే పెట్టినట్టు గుర్తు.

నర్సుగారిలాగే గోడకి గంటల గడుల కాగితం అంటించాం, రాత్రి షిఫ్టులో 32 మందికి 27 మంది చుక్కలు పెట్టారు. టార్గెట్ లెక్క చూసే వేళ దగ్గర ఎరుపు గుట్టపడుతుందని నేను అనుకున్నాను. రాత్రి 1:30 నుంచి 3 మధ్య పడింది. ఎనిమిది నెలల కిందట లారీల వేళలు మార్చారు, అప్పటినుంచి రెండు లారీలు ఒకేసారి వస్తున్నాయి. బెల్టు నిండిపోతుంది. ఆ గంటన్నరలో స్కానరు మూడు నిమిషాలు ఆగితే సూపర్‌వైజర్ ఫోనుకి మెసేజి వెళ్తుంది. బాత్రూముకి వెళ్ళొస్తే మూడు నిమిషాలు దాటుతుంది. అందుకని అర్ధరాత్రి దాటాక నీళ్ళు తాగడం మానేశామని ఒకరు చెప్పారు. ఆ మాట బయటికి రాగానే ఇంకో పదిమంది మేమూ అన్నారు. నేను పదకొండేళ్ళుగా అదే కప్పు కింద ఉన్నాను, ఉదయం షిఫ్టులో. నాకు తెలియదు. లాకర్ గదిలో ఏడ్చినామె ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. తన ఐదు చుక్కలూ ఒకే గడిలో పెట్టింది.

సూపర్‌వైజర్లతో విడిగా కూర్చున్నాం. టీమ్_లీడర్ గారూ, మీరు చెప్పింది నిజం. ఆ మెసేజి వాళ్ళకీ వద్దట. రాత్రికి పదులకొద్దీ వస్తాయి, చూడకపోతే వాళ్ళని పైనుంచి అడుగుతారు.

వచ్చే సోమవారం నుంచి రెండో లారీ 40 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. స్కానరు మెసేజి నెలరోజులు ఆపుతున్నారు. ధ్యానం క్లాసు ఉంటుంది, ఇష్టమున్నవాళ్ళు వెళ్తారు. ఆరు నెలల తరవాత అవే ప్రశ్నలు, అవే మాటల్లో మళ్ళీ అడుగుతాం. గోడ మీద కాగితాన్ని పాత చుక్కలతోనే ఉంచి పక్కన కొత్తది అంటించాలనుకుంటున్నాం. పాతవి కనబడుతుంటే కొత్తవాళ్ళు వాటిని చూసే పెడతారేమోనని ఒక అనుమానం. అంకెలవారూ, తీసేయమంటారా, ఉంచమంటారా?

జవాబు: అంకెల_పని

కొత్త చుక్కలు పెట్టే వారమంతా పాత కాగితాన్ని తీసి దాచండి. కొత్త చుక్కలు పూర్తయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి అందర్నీ పిలవండి. ఆ ఐదు చుక్కల గడిని ముందు చూడండి.